రాగిరేకు మీద గర్వభంగం

1588లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణంలో నాలుగు గుండ్రటి బొమ్మలు అచ్చయ్యాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, పైనుంచి కూలిపోతుంటాడు. సూర్యరథం తోలబోయి పట్టు తప్పిన ఫేథాన్, దేవరాజు భార్యను కోరిన ఇక్సియన్, దేవతల పంక్తిలో తిని వాళ్లకే ద్రోహం తలపెట్టిన టాంటలస్, మైనం రెక్కలతో సూర్యుడి దాకా ఎగరబోయిన ఇకారస్. గ్రీకు పురాణాల్లో హద్దు మీరి భంగపడ్డవాళ్లు వీళ్లు. బొమ్మల రూపకల్పన కోర్నెలిస్ అనే ఆ ఊరి చిత్రకారుడిది. రాగిరేకుల మీద చెక్కింది హెండ్రిక్ గోల్ట్‌సియస్.

అంచు చుట్టూ లాటిన్ పద్యాలు మిడిసిపాటు వద్దని హెచ్చరిస్తాయి. నా కళ్లు మాత్రం ఆ దేహాల మీదే ఉండిపోయాయి. ఇకారస్ పడిపోతూ కూడా చేయెత్తి ఎండకు కళ్లు కాచుకుంటాడు. వెనక తండ్రి ఇంకా ఎగురుతూనే ఉన్నాడు. తమ్ముణ్ని కాయబోయి రెక్కలు కాల్చుకున్న సంపాతి మనకు తెలుసు; ఈ కుర్రాడికి అలాంటి పుణ్యం కూడా లేదు. అయినా జాలేస్తుంది.

ఆ జాలి పుట్టించింది గీతే. ఉక్కు ఉలిని లోతుగా నెడితే గాడి వెడల్పై సిరా ఎక్కువ పడుతుంది, నీడ చిక్కబడుతుంది. ఒత్తిడి తగ్గిస్తే గీత వెంట్రుకంతవుతుంది. ఒకే గీతను అలా లావు చేస్తూ, సన్నం చేస్తూ కండ తిరిగిన చోటల్లా తిప్పాడు గోల్ట్‌సియస్. అదీ పసితనంలో నిప్పుల్లో పడి వంకరపోయిన కుడిచేత్తో! వేళ్లు పూర్తిగా చాచలేని ఒక చేతిని ఆయన 1588లోనే కలంతో గీశాడు. అది ఆయన చేయేనని పండితులు నమ్ముతారు. ఆ బొమ్మ హార్లెమ్‌లోని టైలర్స్ మ్యూజియంలో ఉంది.

1590లో రోమ్ బయల్దేరి వెళ్లి, అక్కడ ఫార్నీస్ హెర్క్యులిస్ విగ్రహాన్ని చూశాడు. దాన్ని రాగిరేకు మీద చెక్కినప్పుడు వీపు వైపు ఎంచుకున్నాడు. కింద ఇద్దరు మనుషులు తలెత్తి వీరుడి ముఖం చూస్తుంటారు. నడుం వెనక హెర్క్యులిస్ దాచుకున్న బంగారు ఆపిల్ పళ్లు మనకే కనిపిస్తాయి. 1592 ప్రాంతంలో చెక్కిన ఆ రేకు, గోల్ట్‌సియస్ పోయిన 1617లో గానీ అచ్చుకు ఎక్కలేదు. అప్పటికి చాలా ఏళ్ల ముందే ఆయన ఉలి వదిలి రంగులు పట్టాడు.