ఆటలాడే పిల్లలు, తుంటి నొప్పులు

తుంటి ఎముక అనగానే మనకు స్నానాలగదిలో జారిపడిన అత్తగారో, మంచం దిగబోయి కూలబడిన తాతగారో గుర్తొస్తారు. పదహారేళ్ళ పిల్లకు తుంటి జబ్బేమిటమ్మా అంటాం. మనమే కాదు, వైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరుగారు లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నె అమర్చి అరిగిపోయిన తుంటిని మార్చే పద్ధతిని ఒక దారికి తెచ్చినప్పుడు ఆయన కళ్ళముందున్నది పెద్దవయసు వాళ్ళే. మన తిరుపతిలో 1985లో దేవస్థానం వారు పెట్టిన బర్డ్ ఆస్పత్రి పేరు చెప్పినా, కీళ్ళ మార్పిడి అనగానే మనకు తోచేది చేతికర్రతో వచ్చే ముసలివాళ్ళే కదా!

1991 జనవరిలో అమెరికాలో బో జాక్సన్ అనే ఆటగాడికి జరిగినదానితో చాలామంది ఉలిక్కిపడ్డారు. ఆయన వాళ్ళ ఫుట్‌బాలులోనూ, బేస్‌బాలులోనూ మేటి. పరుగెడుతూండగా వెనకనుంచి పట్టి పడేస్తే తుంటి దెబ్బతింది. తొడ ఎముక తలకు రక్తం తీసుకువెళ్ళే నాళాలు సన్నటివి. అవి దెబ్బతిని రక్తం అందకపోతే ఎముక లోపలే చచ్చిపోతుంది. ఆయనకు అదే జరిగింది. ముప్పై నిండకుండా కృత్రిమ తుంటి పెట్టించుకుని, 1993లో మళ్ళీ బేస్‌బాలు ఆడాడు. ఆ మనిషి పట్టుదల వేరు లెండి.

అందరికీ అలా పెద్ద దెబ్బే తగలాలని లేదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఒకసారి గమనించండి. తొడ పైకి లేచిన ప్రతిసారీ ఎముక గుండు గిన్నెలో తిరుగుతుంది. కొందరికి గుండు మెడదగ్గర కొంచెం ఉబ్బు ఉంటుంది. అది గిన్నె అంచుకు తగిలి, అక్కడి మెత్తటి ఎముకను రోజు రోజుకూ చించుతుంది. స్విట్జర్లాండులో గాంజ్ అనే వైద్యుడూ ఆయన బృందమూ ఈ సంగతిని 2003లో వివరించారు. అంతకుముందు ఇలాంటి నొప్పిని ఎక్కువగా ‘గజ్జల్లో కండరం పట్టింది’ అనే సరిపెట్టేవారు. అందుకే ఇప్పుడు ఇలాంటి కేసులు ఎక్కువయ్యాయంటే, కొంత కనిపెట్టగలగడం వల్లా, కొంత నిజంగా పెరగడం వల్లా. పెరిగే వయసులో ఏడాది పొడుగునా ఒకే ఆట గట్టిగా ఆడే పిల్లల్లో ఆ ఉబ్బు ఎక్కువగా కనిపిస్తోందట.

ఇక ఆడపిల్లల సంగతి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరుగెత్తాక, ఇది వాళ్ళ ఒంటికి పడదని పెద్దమనుషులు తీర్పు చెప్పి, 1960 దాకా ఆ పందెమే లేకుండా చేశారు. మారథాన్ 1984లో గాని దక్కలేదు. బరువులెత్తే పోటీ 2000లో వచ్చింది. వచ్చిన ఏడాదే మన కరణం మల్లీశ్వరి సిడ్నీలో పతకం తెచ్చింది! విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ, తుంటి ముందు కండరం దెబ్బతిన్నా కోలుకుని, 2024లో పారిస్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆ పందెంలో దిగిన మొదటి భారత మహిళ ఆమే.

సాధన పెరిగింది. మరి తిండి? బరువు పెరుగుతామని సగం కడుపుతో పరుగెత్తే పిల్లలకు బహిష్టులు ఆగిపోతాయి. ‘పీడా పోయింది’ అనుకుంటారు పాపం. అసలు నష్టం ఎముకకు. తొడ ఎముక మెడదగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది. దానిమీదే పరుగెత్తితే పూర్తిగా విరిగిపోవచ్చు. తిండికీ, బహిష్టుకూ, ఎముకకూ ఉన్న ఈ ముడిని 1992లో అమెరికా క్రీడావైద్యులు పేరుపెట్టి చెప్పారు. తిండి చాలకపోతే మగపిల్లలకూ ముప్పేనని 2014లో ఒలింపిక్ సంఘం వైద్యులు చెప్పారు. ఇది కోచ్‌గారికి చెప్పుకోలేని సంగతి. అమ్మకే తెలియాలి.

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని మనవాళ్ళ సామెత. పిల్లల్లో తుంటి చెడితే ఒక్కోసారి మోకాలు నొస్తుంది! రెండింటికీ వెళ్ళే నరం ఒకటే మరి. పదేళ్ళనుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకు, ముఖ్యంగా కాస్త ఒళ్ళున్నవాళ్ళకు, తొడ ఎముక తల మెల్లగా పక్కకు జారే జబ్బొకటి ఉంది. పిల్లవాడు మోకాలు పట్టుకుని కుంటుతాడు, పాదం బయటికి తిప్పి నడుస్తాడు. మనం మోకాలికి తైలం రాస్తాం. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ ఉండదు. తుంటికి కూడా తీయమని మనమే అడగాలి. అది తేలేదాకా పిల్లవాణ్ణి ఆ కాలిమీద నడవనివ్వకూడదు.