కిరీటం కింద మూడక్షరాలు

తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల గురించి ఎక్కడ వ్యాసం వచ్చినా పక్కన ఒక ఫోటో వేస్తుంటారు. తుపాకులు పట్టుకుని వరసగా నిలబడ్డ యువతుల ఫోటో అది. దాన్ని మనం ఎన్నోసార్లు చూశాం. ఆ ముఖాల గురించి, ఆ ధైర్యం గురించి రాసుకున్నాం. వాళ్ళ చేతుల్లో ఉన్న వస్తువు గురించి మాత్రం పెద్దగా ఆలోచించలేదు. అది ఎక్కడ తయారైంది? ఎవరు చేశారు? తుపాకీ మగవాళ్ళ వ్యవహారం అనుకుని మనం కూడా ఆ ప్రశ్నని వదిలేశామేమో.

నాకా ప్రశ్న మా ఇంట్లోనే ఎదురైంది. మా బాపు సాయుధ పోలీసు విభాగంలో ఆర్మరర్‌గా పనిచేశాడు. రైఫిళ్ళు విప్పి, తుడిచి, అరిగిన భాగాలు మార్చి మళ్ళీ బిగించడం ఆయన పని. రిటైరయ్యాక చెల్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇవాళ చెల్పూర్ అంటే అందరికీ కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమే గుర్తొస్తుంది. అప్పటికింకా ఆ పొగగొట్టాలు లేవు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని త్రీనాట్‌త్రీ రైఫిల్ గురించి బళ్ళో పాఠం చెప్పినట్టు చెప్పేవాడు.

కర్ర బట్టు ఇనుప భాగంలోకి దిగే చోటుని ఆయన తుపాకీ మెడ అనేవాడు. కలకత్తాకి ఉత్తరాన ఉన్న ఇషాపూర్ ఫ్యాక్టరీలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో చేసిన రైఫిల్ అయితే ఆ మెడకి కుడిపక్కన కిరీటం బొమ్మ ఉంటుంది. దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. ఆ మూడక్షరాలకి లాటిన్ భాషలో ‘జార్జి, రాజు, చక్రవర్తి’ అని అర్థం. పరీక్ష చేసిన ఉద్యోగి ముద్ర వేరేగా ఉంటుంది. అందులో పేరుండదు, ఒక అంకె మాత్రమే ఉంటుంది. రైఫిల్ నంబరు ఒంటి మీదా, బోల్టు మీదా ఒకటే ఉండాలి. బోల్టు అరిగిపోయి ఇంకోటి వేస్తే, దాని మీది పాత నంబరు కొట్టేసి ఈ రైఫిల్ నంబరు గుద్దుతారు. కాబట్టి ఒకే తుపాకీలో నాలుగు చోట్ల పుట్టిన భాగాలుండొచ్చు.

ఇంగ్లండులో ఈ ముద్రల కథ ఇంకో మలుపు తిరిగింది. 1940 నవంబరు 19 రాత్రి బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. ఆయుధ కర్మాగారం మీద జర్మన్ బాంబులు పడి 53 మంది కార్మికులు చనిపోయారు. ఫ్యాక్టరీ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదని యుద్ధకాలంలో చాలాచోట్ల పేర్ల బదులు సంకేతాలు వేశారు. ఎం47సి అని ఉంటే అది బి.ఎస్.ఎ. వాళ్ళ షర్లీ కర్మాగారం. ఎఫ్ అక్షరముంటే లివర్‌పూల్ దగ్గరి ఫజాకర్లీ, ఎం అక్షరముంటే యార్క్‌షైర్‌లోని మాల్ట్‌బీ. అమెరికాలో శావేజ్ కంపెనీ బ్రిటన్ కోసం చేసిన రైఫిళ్ళ మీద ‘అమెరికా ఆస్తి’ అని కూడా ఉంటుంది.

ఆ సంకేతాల వెనక చాలామంది ఆడవాళ్ళున్నారు. 1941 డిసెంబరులో బ్రిటన్ పెళ్ళికాని యువతుల్ని కూడా చట్టం ద్వారా యుద్ధసేవకి పిలిచింది. వేలాదిమంది ఆయుధ కర్మాగారాల్లో లేతు మిషన్ల ముందు నిలబడ్డారు. యుద్ధం ముగిశాక ఎంతోమందిని ఇళ్ళకి పంపించేశారు. వాళ్ళు చేసిన భాగాల మీద కంపెనీ గుర్తుంది, రాజు గుర్తుంది. చేసిన మనిషి గుర్తు లేదు.

మా అమ్మ పోలీసు క్వార్టర్స్‌లో సింగర్ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది. స్కాట్లండులో క్లైడ్‌బ్యాంక్‌లోని సింగర్ ఫ్యాక్టరీ యుద్ధంలో బాయినెట్లు కూడా చేసింది. వాటి మీద ఎస్.ఎం. అని ఉంటుంది. ఎన్67 అని ఉన్న బాయినెట్టు అయితే యాక్రింగ్‌టన్‌లో నూలు మిల్లులకి యంత్రాలు చేసే హోవర్డ్ అండ్ బులో కంపెనీది. ఈ సంగతి చెప్తే అమ్మ నవ్వి, “అయితే నా మిషిను సుత మీ బాపు డిపార్ట్‌మెంటే అన్నట్టు” అంది.

అదే ఇంట్లో మా అమ్మమ్మ కూడా ఉండేది. ఆమెది పాత జనగామ తాలూకా. దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో చనిపోయిన నాటికి ఆమెకి పదహారేళ్ళు. దళం వాళ్ళ తుపాకీని జొన్నచొప్పలో దాచి, రాత్రిపూట నూనెగుడ్డతో తుడిచేదాన్నని ఎన్నోసార్లు చెప్పింది. బాపు అల్లుడి మర్యాద తప్పకుండానే ఆ మాటని పక్కన పెట్టేవాడు. వడిసెల, కారప్పొడి, రోకలిబండ అంటే నమ్మేవాడు. రైఫిల్ అంటే, “బర్మారు తుపాకయ్యుంటది అత్తమ్మా” అనేవాడు.

ఒకరోజు ఆమె, “దాని మెడకాడ టోపీ లెక్క బొమ్ముండె. దాని కింద మూడు గుర్తులు. నాకు సదువొస్తదా? ఏలుతోని తడుముకుంట తుడిసేదాన్ని” అంది.

“ఏ పక్కకు?” అన్నాడు బాపు.

“కుడి పక్కకు. పిడి తిప్పే దిక్కు.”

బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గది ఇషాపూర్‌దే” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె మాటని తీసెయ్యలేదు.

నాకా రోజు సంతోషంగానే ఉండింది. తర్వాత ఆలోచిస్తే బాధ కలిగింది. నలభై ఏళ్ళకి పైగా ఆమె అదే మాట చెప్తోంది. రాజుగారి ముద్ర సాక్ష్యం పలికాక గాని అది చరిత్ర కాలేదు. అదీగాక ఆ ముద్ర చెప్పేది కొంచెమే. యుద్ధకాలపు ఇషాపూర్ రైఫిళ్ళు లెక్కలేనన్ని. అది పోలీసుల దగ్గర గుంజుకున్నదా, కొన్నదా అన్నది ముద్ర చెప్పదు. ఆ రోజుల్లో సంస్థానానికి ఆయుధాలు ఎన్నో దారుల్లో వచ్చాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి నిజాం కోసం విమానాల్లో తుపాకులు మోశాడు. చేసినచోటు ఇనుము మీద ఉంటుంది. తిరిగిన దారి, దాచిన చోటు మనుషుల జ్ఞాపకంలోనే ఉంటాయి. ఆమె చెప్పింది ఆ రెండో సగం. బాపు దగ్గర దానికి కొలబద్ద లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1980 నాటి స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకంలో జైలుకెళ్ళినవాళ్ళకి ఆరు నెలల శిక్ష ఉండాలన్నారు, స్త్రీలకి మూడు నెలలు చాలన్నారు. అజ్ఞాతంలో ఉన్నవాళ్ళకి వారంటో, తలమీద ప్రకటించిన బహుమతో రుజువు. పదివేల రూపాయల బహుమతి ప్రకటించిన మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళకి అలాంటి రుజువుంది. అన్నం వండి చేలల్లోకి మోసినామెకి, చొప్పలో తుపాకీ దాచినామెకి ఏముంటుంది? పట్టుబడకపోవడమే ఆమె పనితనం. పట్టుబడలేదు కాబట్టే ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. మా అమ్మమ్మ అర్జీ పెట్టనేలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు చేసిన గొప్ప పని ఇదే. స్త్రీలు చెప్పిన మాటనే ఆధారంగా నిలబెట్టింది. పోరాటం 1951లో విరమించాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నప్పటి దిగులు కూడా అందుకే మనకి తెలిసింది. ఏ ముద్రా దాన్ని చెప్పలేదు.

ముద్రలు చదవడం నేర్చుకోమనే అంటాను. మనం వదిలేసిన విద్యల్లో అదొకటి. పాత ఆయుధం కనిపిస్తే కిరీటం చూడండి, అక్షరాలు చూడండి, బోల్టు నంబరు కలిసిందో లేదో చూడండి. కానీ పక్కింటి ముసలమ్మ ఏదైనా చెప్తుంటే ముద్ర అడక్కండి. ముందు ఆమె మాట రాసుకోండి. ఏ పక్కన తుడిచిందో తర్వాత అడగొచ్చు.