లాగే బలము, ఆపే బలము: పడవ తాడు నుండి ట్రాక్టరు ట్రక్కు వరకు

విజయవాడలోని గవర్నరుపేట ఏలూరు రోడ్డుకును బందరు రోడ్డుకును నడుమ నున్నది. ఈ రెండు పేర్లతోనే రెండు కాలువలు కూడ కృష్ణ నుండి బయలుదేరి నగరము గుండా ప్రవహించుచున్నవి. ఒకప్పుడు డెల్టా ధాన్యము కాలువలపై పడవలలో సాగెడిది. నేడు రోడ్లపై లారీలలోను, ట్రాక్టర్ల వెనుక ట్రక్కులలోను సాగుచున్నది. త్రోవ మారినను ప్రశ్న మారలేదు. ఇంత బరువును లాగుటకు ఎంతటి బలము కావలెను?

కృష్ణ ఆనకట్ట నిర్మాణము 1852లో మొదలై 1855లో ముగిసినది. ఆర్థర్ కాటన్ ప్రేరణతో తలపెట్టబడిన ఈ పనిని కెప్టెన్ చార్లెస్ ఆర్ నడిపించెను. కాలువ యనగా పొలమునకు నీరిచ్చునది మాత్రమే కాదనియు, అది సరకులు సాగు రాజమార్గమనియు కాటన్ నమ్మకము. ఏలూరు కాలువ కృష్ణా గోదావరి డెల్టాలను కలిపినది. కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసు దారి చూపినది. గాలి అనుకూలించినప్పుడు పడవకు తెరచాప. లేనప్పుడు గట్టుమీద నడచుచు తాడుతో లాగు మనుష్యులు.

రోడ్డుమీద కదలింప శక్యముగాని బరువును ఒకరిద్దరు మనుష్యులు నీటిమీద ఎట్లు లాగగలిగిరి? నెమ్మదిగా కదలు పడవకు నీరు కలిగించు నిరోధము చాల తక్కువ. అయితే వేగము రెట్టింపైనచో నిరోధము దాదాపు నాలుగింతలగును. పడవవాని నిదానమునకు సోమరితనము కారణము కాదు. అది అతడు అనుభవముచే నేర్చిన భౌతికశాస్త్రము.

రైలు రాకముందు బ్రిటనులోని ఇంజనీర్లు ఒకే గుఱ్ఱము వివిధ మార్గములపై ఎంత లాగగలదో లెక్కగట్టిరి. మెత్తని మట్టిబాటపై బండిలో సుమారు 5/8 టన్ను, మంచి కంకర రోడ్డుపై 2 టన్నులు, ఇనుప పట్టాలపై 8 టన్నులు, కాలువలో 50 టన్నులు. గుఱ్ఱము అదియే, మారినది త్రోవ మాత్రమే. కావున లాగవలసిన బరువునే గాక, అది కదలు త్రోవను కూడ చూడనిదే బలమును నిర్ణయింపరాదు.

ఎడ్లబండి రైతు ఈ నియమమును చక్కగ నెరుగును. ఎద్దు ఎడతెగక పనిచేయునప్పుడు తన బరువులో సుమారు పదవవంతు బలముతో లాగగలదు. రెండెద్దుల బరువు 900 కిలోలైనచో లాగు బలము సుమారు 90 కిలోలు. చెక్క చక్రమునకు ఇనుప పట్టా వేసిన బండి వానకాలపు డొంకలో దిగబడినచో ఈ బలము చాలదు. బరువు దింపవలెను, లేదా మరొక జత పూన్పవలెను. గాలి టైర్ల బండి వచ్చిన పిదప నిరోధము తగ్గి, ఎడ్ల మెడపై కొంత భారము తీరినది.

రైలు విజయవాడ చేరి, 1893లో కృష్ణపై వంతెన తెరువబడి, 1899లో మద్రాసు మార్గము కలిసిన పిదప దూరపు సరకు పట్టాలకెక్కినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో లారీలు పెరిగి కాలువ పడవలు క్రమముగా అంతరించినవి. 1959లో ఐషర్ సంస్థ ఫరీదాబాదులో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించినది. దున్నుటకు వచ్చిన ట్రాక్టరు క్రమముగా బండి స్థానమును కూడ ఆక్రమించినది.

ఇక్కడ ఒక పొరపాటు సాధారణము. "ఇంజను ఎన్ని హార్స్‌పవరు?" అని మాత్రమే అడిగి బరువెత్తుదురు. ఒక లెక్క వేసి చూతము. ట్రాక్టరు బరువు 2 టన్నులు. సరకుతో కూడ ట్రక్కు 5 టన్నులు. మొత్తము 7 టన్నులు. సులభతకై ట్రక్కు భారమేదియు ట్రాక్టరుపై పడుట లేదనుకొందము. పదడుగులకు ఒక అడుగు లేచు కాలువగట్టు నెక్కుటకు 700 కిలోల బలము, చక్రముల నిరోధమునకు మరి 140 కిలోలు, వెరసి 840 కిలోలు కావలెను. సెకనుకు ఒక మీటరు వేగముతో ఎక్కుటకు 11 హార్స్‌పవరు చాలును. 35 హార్స్‌పవరు ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదు.

కాని ఆ బలము నేలకు చేరవలెను గదా! వెనుక చక్రములపై సుమారు 1300 కిలోల బరువున్నచో, పొడి రోడ్డుపై అవి జారకుండ పట్టు బలము సుమారు 900 కిలోలు. అనగా గట్టెక్కుట అంతంత మాత్రమే. తడిబురదలో ఆ పట్టు 400 కిలోలకు తగ్గినచో చక్రములు ఉన్నచోటనే తిరుగును. ఇంజను శక్తి ఎంతయున్నను ప్రయోజనము లేదు.

ఎక్కుటకంటె దిగుట ప్రమాదకరము. ట్రక్కుకు బ్రేకులు లేనప్పుడు 7 టన్నులను ఆపవలసినది ఆ 900 కిలోల పట్టు మాత్రమే. గంటకు 20 కిలోమీటర్ల వేగములో, సమతలముపై, బ్రేకు పట్టిన పిదప ఒంటి ట్రాక్టరు సుమారు మూడున్నర మీటర్లలో ఆగును. ఇదే ట్రక్కుతోనైనచో 12 మీటర్లు కావలెను. పైన చెప్పిన గట్టు దిగునప్పుడు 700 కిలోలు వాలుకే సరిపోయి, మిగిలిన 200 కిలోలతో ఆగుటకు సుమారు 55 మీటర్లు పట్టును. అంతలోపల మలుపు రావచ్చును. బడినుండి వచ్చు పిల్లలు ఎదురుపడవచ్చును. వెనుకనున్న ట్రక్కు ట్రాక్టరును ప్రక్కకు నెట్టి మడతపెట్టవచ్చును. బస్తాలపై కూర్చున్న కూలీల ప్రాణములు ఆ 55 మీటర్లలో నున్నవి.

అమెరికాలో విహారమునకు ఇంటివంటి ట్రైలరును పికప్ వాహనముతో లాగువారికిని ఇవే నియమములు. రెండు వాహనములు, సామాను, మనుష్యులు కలిసి మించరాని మొత్తము బరువును వాహన నిర్మాతలు నిర్ణయింతురు. ట్రైలరు బరువులో పదింట ఒక వంతు మొదలు ఏడింట ఒక వంతు వరకు కొక్కెముపై పడునట్లు సర్దవలెనని సలహా. తక్కువైనచో ట్రైలరు తోకవలె ఊగును. ఎక్కువైనచో లాగు వాహనపు ముందు చక్రములు తేలికపడి చుక్కాని పట్టు తప్పును. ట్రక్కులో బస్తాలు ముందు వెనుకల సర్దుటలో మన రైతులును ఈ సంగతిని గమనింపవలసియున్నది.

2008లో పార్లమెంటు చట్టము ద్వారా కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలు కృష్ణా గోదావరులతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటింపబడినవి. పడవ తాడు నేర్పిన పాఠము పాతబడలేదనుటకు ఇది నిదర్శనము.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును. ఒక చిన్న బండికి దారము కట్టి, తూనిక స్ప్రింగుతో నున్నని బల్లపైనను, ఇసుకపైనను, వాలు పలకపైనను లాగించి, మూడు అంకెలను నల్లబల్లపై వ్రాయించిన చాలును. పిమ్మట ఆ బండిని వాలునుండి వదలి, ఎంత దూరములో ఆగునో కొలిపింపవలెను. బరువు కట్టుటకు ముందు "లాగునా?" అని అడుగువాడు సగము లెక్కయే చేసినవాడు, "ఆగునా?" అని కూడ అడిగినప్పుడే ఆ లెక్క పూర్తియగును.