కరువు సీమలో కదలిక: వికలాంగులు, ప్రయాణం, సాహసం

లేపాక్షి అనే పేరుకు జనం చెప్పుకునే కథలు రెండు ఉన్నాయి. రావణుడు రెక్కలు నరికిన జటాయువు ఇక్కడ పడిపోగా రాముడు ‘లే పక్షీ’ అన్నాడనేది ఒకటి. 16వ శతాబ్దంలో వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ, రాజధనం వాడుకున్నాడన్న నింద మోయలేక తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడనేది రెండోది. గోడ మీది మచ్చలను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. ఇవి స్థలపురాణాలు, వీటిని చరిత్రకు ఆధారాలుగా తీసుకోకూడదు. అయినా ఒక సంగతి గమనించండి. ఒక కథలో రెక్కలు పోయిన పక్షి, మరో కథలో కళ్లు పోయిన మనిషి. అంగం కోల్పోయిన వారిని తలచుకుని ఊరికి పేరు చెప్పుకున్నారు. ఆ గుడి మాత్రం కూర్మశైలం అనే రాతిగుట్ట మీద ఉంది. మెట్లు, ఎత్తైన గడపలు, ఎగుడుదిగుడు బండలు దాటితేనే లోపలి శిల్పాలు కనిపిస్తాయి.

ఆ గడపను ఎవరు దాటగలిగారు, ఎవరు దాటలేకపోయారు అన్న ప్రశ్న కూడా చరిత్రకు సంబంధించినదే. ఈ పాఠంలో అనంతపురం పీఠభూమిని ఆధారంగా చేసుకుని ఆ ప్రశ్నను పరిశీలిద్దాం. (2022లో జిల్లాల విభజన తర్వాత లేపాక్షి, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఇక్కడ పాత ఉమ్మడి జిల్లానే లెక్కలోకి తీసుకున్నాం.)

పరిభాష గురించి ఒక మాట. 2015 చివర్లో ప్రధానమంత్రి ‘దివ్యాంగులు’ అనే పదాన్ని సూచించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటోంది. పల్లెల్లో సంఘాలు పెట్టుకున్నవారు ఎక్కువగా ‘వికలాంగులు’ అనే మాటే వాడుకున్నారు కాబట్టి ఇక్కడ ఆ మాటే వాడుతున్నాం.

కరువు, నడక

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వర్షం పడే నేల ఇది. ఇలాంటి చోట కదలడమంటే బతకడం. వాన రాకపోతే పని ఉన్న చోటికి పోవాలి. 1876–78 నాటి గొప్ప కరువులో అప్పటి బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం తీవ్రంగా దెబ్బతింది (అనంతపురం విడి జిల్లా అయింది 1882లో). ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు వేయడం, చెరువు మట్టి తవ్వడం, కంకర కొట్టడం వంటివి చేసినవారికి కూలి దక్కేది. అక్కడికి నడిచి వెళ్లగలగడం మొదటి అర్హత.

ఆ అనుభవం తర్వాత 1880లో కరువు కమిషన్ ఇచ్చిన సిఫారసుల మీద కరువు నిబంధనావళులు తయారయ్యాయి. వాటిలో జనాన్ని రెండు తెగలుగా విడదీశారు. ఒళ్లు వంచి పని చేయగలవారికి పని; అంధులు, కుంటివారు, ముసలివారు మొదలైన అశక్తులకు ఊళ్లోనే ఉచిత సాయం. ఆ సాయం ప్రాణాలు నిలిపిందనడంలో సందేహం లేదు. కానీ వికలాంగుడంటే ఇంటిపట్టున ఉండి దానం అందుకునే మనిషి అనే భావన ప్రభుత్వ కాగితాల్లోకి కూడా ఎక్కింది. తర్వాతి వందేళ్ల సంక్షేమ విధానం మీద దాని నీడ పడిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1871 నాటికే గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు–బొంబాయి రైలు మార్గం పూర్తయినా, అది ఈ అశక్తుల జాబితాలోని వారి కోసం వేసింది కాదు.

వలసలు నేటికీ ఆగలేదు. బెంగళూరుకు, కేరళకు పనికి పోయిన కుటుంబాల ఇళ్ల దగ్గర కాపలా ఉండేది ఎవరో అనంతపురం పల్లెలు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఇక కరువే వైకల్యాన్ని పెంచిన సందర్భం కూడా ఉంది. వానలు లేక బోర్లు లోతుకు పోయినకొద్దీ, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు తాగి చాలామందికి కీళ్లు, ఎముకలు బిగుసుకుపోయాయి. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకానికి ఈ సమస్య కూడా ఒక కారణం.

సంఘం దాకా మొదటి ప్రయాణం

స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పనిని ప్రారంభించారు. జనం నోట అది ఆర్‌డీటీ. 1987లో ఆ సంస్థ వికలాంగుల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. పోలియో సోకిన పిల్లలకు శస్త్రచికిత్సలు, కాలిపర్లు, అంధులకు, బధిరులకు బడులు వచ్చాయి. వీటికంటే ముఖ్యమైనది, మనం తరచుగా గుర్తించనిది మరొకటుంది: పల్లెల్లో ఏర్పడిన వికలాంగుల సంఘాలు. సమావేశానికి రావాలంటే ఇంటి గడప దాటాలి. ఒక మూడు చక్రాల బండి గాని, ఒక తోడు గాని కావాలి. పక్క ఊరి సంఘానికి వెళ్లాలంటే బస్సెక్కాలి. కొండలెక్కడం గురించి మాట్లాడుకునే ముందు, ఈ చిన్న ప్రయాణాన్ని సాహసంగా లెక్కించాలి. తర్వాతి కాలంలో అనంతపురంలోని క్రీడాగ్రామంలో స్పెషల్ ఒలింపిక్స్ పోటీలకు కూడా శిక్షణ మొదలైంది.

టికెట్టు, మెట్టు

బస్సుల్లో, రైళ్లలో వికలాంగులకు ఛార్జీ తగ్గింపు చాలాకాలంగా ఉంది. టికెట్టు ధర తగ్గింది, మెట్టు ఎత్తు తగ్గలేదు. ఈ తేడాలోనే అసలు చరిత్ర ఉంది. రాయితీ ఇవ్వడానికి ఒక ఉత్తర్వు చాలు. మెట్టు తగ్గించాలంటే బస్సు నిర్మాణమే మారాలి.

1995 చట్టంలోని 44వ సెక్షన్ రైలు పెట్టెలు, బస్సులు, ఓడలు, విమానాలు వికలాంగులు ఎక్కగలిగేలా ఉండాలని చెప్పింది. కానీ ‘ఆర్థిక స్తోమత మేరకు’ అనే మాట జోడించింది. డబ్బు లేదని చెప్పదలచుకున్న ప్రతి సంస్థకూ ఆ మాట ఆసరా అయింది. చక్రాల కుర్చీ వాడే హక్కుల కార్యకర్త జావేద్ అబిదీ వేసిన కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, 80 శాతం, అంతకు మించి కదలిక వైకల్యం ఉన్నవారికి కూడా అంధులకు ఇచ్చినట్టే ఇండియన్ ఎయిర్‌లైన్స్ రాయితీ ఇవ్వాలంది. 2012లో సెరెబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను ఒక ప్రైవేటు విమానసంస్థ విమానం నుంచి దించేసింది. 2016లో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మొదటి కేసు రాయితీ గురించి, రెండోది గౌరవం గురించి. పద్దెనిమిదేళ్లలో వాదన ఎంత మారిందో చూడండి.

ఈ మార్పుకు అంతర్జాతీయ నేపథ్యం కూడా ఉంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దాని 30వ అధికరణం విహారం, వినోదం, పర్యాటకం కూడా హక్కులేనంటుంది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టంలోని 29వ సెక్షన్‌లో ఆరుబయట శిబిరాలు, సాహస కార్యకలాపాలు అనే మాటలు ఉన్నాయి. ‘అశక్తులకు’ ఊళ్లోనే సాయం అన్న 1880ల నిబంధనల పక్కన ఈ సెక్షన్‌ను పెట్టి చదవండి. అయితే ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో చాలా ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నియమం చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి ప్రమాణాలు తయారు చేయమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చింది.

44వ నంబరు రహదారి

సాహసం సంగతికి వస్తే, రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయిన హైదరాబాదు సైక్లిస్టు ఆదిత్య మెహతా పేరు మీద నడుస్తున్న ఫౌండేషన్ వికలాంగులకు సైక్లింగ్‌లో శిక్షణ ఇస్తోంది. 2020 చివర్లో ఆ సంస్థ ఆధ్వర్యంలో పారా సైక్లిస్టుల బృందం కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా తొక్కింది. నంద్యాలకు చెందిన షేక్ అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్ సైక్లింగ్‌లో పాల్గొన్నారు. శ్రీనగర్‌నూ కన్యాకుమారినీ కలిపే 44వ జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగానే పోతుంది. ఒంటికాలితో వేల కిలోమీటర్లు తొక్కినవారిని పత్రికలు మెచ్చుకోవడం న్యాయమే. కానీ ఆ రోడ్డు పక్క ఊళ్లో పింఛను కోసం మండల కార్యాలయానికి వెళ్లలేకపోయిన మనిషికి ఆ మెప్పుతో ఒరిగేది తక్కువ.

గుత్తి కోట మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. దాన్ని అందరూ ఎక్కేలా చేయడం సులభం కాదు, ప్రాచీన కట్టడాన్ని పాడుచేయకూడదు కూడా. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అలా ఎక్కవలసిన దుర్గం కాదు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ చెట్టు కింద చదునైన బాట, పట్టుకు నడవడానికి తాడు, బ్రెయిలీ పలక, వాడదగిన మరుగుదొడ్డి ఉంటే చాలావరకు సరిపోతుంది. ఏది కష్టం, ఏది నిర్లక్ష్యం అని విడదీసి చూడటం ఇక్కడ అవసరం.

అభ్యాసం: ర్యాంపుకు సాధారణంగా పాటించే వాలు 1:12. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మీకు దగ్గరలోని బస్టాండు, రైల్వే స్టేషను, గుడి – వీటిలో ఒకదాని మెట్ల మొత్తం ఎత్తు కొలిచి, ఎంత పొడవు ర్యాంపు కావాలో లెక్కకట్టండి. మీ ఊరి వికలాంగుల సంఘంలో ఒకరిని కలిసి, వారు చేసిన అతి దూర ప్రయాణం ఏది, ఎవరి తోడుతో, ఏ పని మీద వెళ్లారో అడిగి రెండు పేజీలు రాయండి.