జింక ఫొటో వెనక జాడ తెలిసినవాళ్ళు

2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో, తర్వాత కడియపులంక నర్సరీల్లో చిరుత తిరిగినప్పుడు అటవీశాఖ వాళ్ళు ట్రాప్ కెమెరాలు పెట్టారు. కడియపులంక అంటే మన జొన్నాడ నుంచి రాజమండ్రి పోయే హైవే మీదే. ఆ కెమెరా చరిత్ర వెతుక్కుంటూ పోతే మనకి ఆదివాసీలే ఎదురొస్తారు, అందుకే ఈ పోస్టు.

మొదలు అమెరికాలో, తెల్లతోక జింక దగ్గర. జార్జ్ షిరాస్ అనే లాయరు మిషిగన్‌లో వైట్‌ఫిష్ సరస్సు దగ్గర వేటాడేవాడు. తర్వాత తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టాడు. రాత్రి పడవ ముందు మంట పెట్టుకుని నెమ్మదిగా వెళ్తే ఒడ్డున ఉన్న జింక ఆ వెలుగు చూస్తూ కదలకుండా నిలబడిపోతుంది. ఇది ఒజిబ్వే ఆదివాసీల వేట పద్ధతి, షిరాస్ దాన్నే వాడుకున్నాడు. తర్వాత జంతువు నడిచే దారిలో తీగ కట్టి, అది లాగితే మెగ్నీషియం పొడి భగ్గుమని ఫొటో పడేలా చేశాడు. (మన కొండల్లో ఉచ్చు చూసినవాళ్ళకి ఆ తీగ సంగతి వేరే చెప్పక్కర్లేదు.) 1906 జూలైలో నేషనల్ జాగ్రఫిక్ పత్రిక అతని ఫొటోలు 74 వేసింది. పేరు షిరాస్‌కి వచ్చింది. ఒజిబ్వేల పేరు ఎంతమందికి తెలుసు?

అక్కడ ఇప్పటికీ నవంబరు వస్తే పోతుజింకలు జత కోసం పగలు కూడా తిరుగుతాయి. ఏ పోతుకి కొమ్ములెంత ఉన్నాయో చూసుకోడానికి వేటగాళ్ళు చెట్లకి కెమెరాలు కడతారు. మన దుప్పికి అలా ఒక్క కాలమని లేదు. పైగా 1972 చట్టం తర్వాత వేట నేరం. అందుకని ఇక్కడ కెమెరా ఎక్కువగా పులి వెంట పడింది.

ఎఫ్.డబ్ల్యూ. చాంపియన్ అనే ఫారెస్టు ఆఫీసరు తీగ కెమెరాతో పులుల్ని తీసి 1927లో పుస్తకం వేశాడు. లెక్కలు మాత్రం చాలాకాలం పాదముద్రలతోనే నడిచాయి. 2005లో సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని తేలాక ఆ లెక్క మీద నమ్మకం పోయింది. నాగరహోళెలో ఉల్లాస్ కారంత్ అప్పటికే చారలు పోల్చి లెక్కించే పద్ధతి చూపించారు. 2018 లెక్కకి దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలు వస్తే అందులో పులివి 76,651. మిగతావాటిలో దుప్పులు, పశువులు, మనుషులు.

ఆ మనుషుల గురించే మనం మాట్లాడుకోవాలి. ఉత్తరాఖండ్‌లో కార్బెట్ అడవి పక్క ఊళ్ళలో త్రిశాంత్ సిమ్లాయ్ అనే పరిశోధకుడు 14 నెలలుండి 270 మందితో మాట్లాడి 2024లో రాశారు. 2017లో బహిర్భూమికి వెళ్ళిన ఒకామె ఫొటో ట్రాప్ కెమెరాలో పడి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఊరివాళ్ళు కెమెరాలు పగలగొట్టారు. పగలగొట్టరా మరి! ఇంకోటి: అక్కడి ఆడవాళ్ళు కట్టెలకి వెళ్ళినప్పుడు ఏనుగులూ పులులూ పక్కకి తప్పుకోడానికి గట్టిగా పాడుకుంటారు. కెమెరా ఉందని తెలిశాక గొంతు తగ్గించేశారు. ఆయనతో మాట్లాడిన ఒకామె తర్వాత పులి దాడిలో చనిపోయింది.

మన పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయ్యాయి. ఆ పక్క కొండరెడ్ల, కోయల ఊళ్ళ మిత్రులు రాయండి: మీ కట్టెల దారిలో, వాగు దారిలో కెమెరాలు ఉన్నాయా? పెట్టే ముందు ఊళ్ళో ఎవరికైనా, ముఖ్యంగా ఆడవాళ్ళకి, చెప్పారా?