జీపు కింద మేం

కొండపల్లి ఖిల్లా ఘాట్‌రోడ్డు దిగొచ్చే పాత జీపు జబ్బు, బండిని చూడకుండానే చెప్పగలం మేం. గుంతలో పడ్డప్పుడల్లా ‘కటక్’మందంటే షాకిల్ బుష్షులు పోయినట్టు. బ్రేకు తొక్కగానే ఒక పక్కకు లాగుతోందని, తిన్నని రోడ్డు మీద కూడా తాగినోడిలా నడుస్తోందని డ్రైవరు చెప్పాడంటే కమాన్‌కట్ట చివరి చుట్టలో బుష్షు అరిగినట్టు. ఈ విద్యకు మా దగ్గర సర్టిఫికెట్ లేదు. పన్నెండో ఏట ఉస్తాద్ చేతికి పానా అందించడంతో మొదలైన చదువు ఇది.

చరిత్ర పుస్తకాల్లో మేం రెండే చోట్ల కనిపిస్తాం. కోటలు పట్టేటప్పుడు ఒకసారి, దేశం చీలేటప్పుడు ఒకసారి. ఆ రెంటికీ మధ్య మేం ఏం పని చేశామో, ఏం తిన్నామో, ఎవరి బండి నిలబెట్టామో రాసినవాళ్ళు లేరు. రాయాల్సింది మేమే. అందుకే కోట దగ్గర కాకుండా బుష్షు దగ్గర మొదలుపెట్టాం.

కోట కథ ఎలాగూ అందరికీ తెలిసిందే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. తర్వాత గజపతుల చేతికి వెళ్ళింది. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ తర్వాత గోలకొండ కుతుబ్‌షాహీలది. 1687లో గోలకొండ కూలాక మొగలులది, ఆపైన నిజాముది. 1766లో ఇంగ్లిషువాళ్ళది. ఇన్ని చేతులు మారిన కోటను ‘తురకలు పట్టిన కోట’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరి గజపతులూ రాయలూ కొట్టుకున్నది ఏ మతం కోసం? రాయలకంటే ముందే, 15వ శతాబ్దం మొదటి సగంలోనే, రెండో దేవరాయలు ముస్లిం రౌతుల్నీ విలుకాండ్రనూ విజయనగర సైన్యంలో చేర్చుకున్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే కథ అంత సులువుగా నడవదు.

మొగలుల, నిజాం కాలపు లెక్కల్లో కొండపల్లి సర్కారుకు ముస్తఫానగర్ అని పేరు. గుంటూరు సర్కారుకు ముర్తజానగర్. ఉత్తర సర్కారులు కుంపిణీ చేతికి పోయాక ఆ పేర్లు మెల్లగా కాగితాల మీద నుంచి రాలిపోయాయి. మాకు వాటి మీద దిగులేం లేదు. ఆ పేరున్న రోజుల్లోనూ మా తాతముత్తాతలు ముస్తఫానగర్ నవాబులు కారు. గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్ళు, జీన్లు కుట్టినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు. షాబుఖారీ దర్గా ఉరుసులో మలీదా పంచుకుని తిన్నవాళ్ళు. నవాబుల చరిత్రను మా మెడకు కట్టి దానికి మాచేత జవాబు చెప్పించేవాళ్ళను మేం అడిగేది ఒక్కటే: ఆ నవాబుల ఆస్తిలో మాకేం పంచారు?

సర్కారు పోయింది, సైన్యం పోయింది. గుర్రం మిగిలింది. దాని వెనక జట్కా వచ్చింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీళ్ళొచ్చాయి. పొలం ఉన్నవాడికి ఆ నీళ్ళు బంగారం పండించాయి. పొలం లేనివాళ్ళం జట్కా తోలాం, గిన్నెలకు కళాయి పూశాం, తాళాలూ గొడుగులూ బాగుచేశాం. జట్కా కింద కమాన్‌కట్ట విరిగితే కొలిమిలో కాల్చి అతికాం. తర్వాత సైకిలు వచ్చింది, పంక్చరు వేశాం. మోటారు వచ్చింది, దాని కిందికి దూరాం. మేం మోటారు దగ్గరికి వెళ్ళింది ముచ్చటపడి కాదు. చేతిపని తప్ప వేరే ఆస్తి లేక.

ఆ చేతిపనితో పాటు మా మాటలూ వచ్చాయి. ‘మరమ్మతు’ అరబ్బీ మాట. ‘కమాన్’ అంటే ఫార్సీలో విల్లు. వంచిన ఇనప పట్టీలకు అంతకంటే తగిన పేరు ఉందా? ‘ఉస్తాద్’, ‘దుకాణం’, ‘కారీగరు’ అన్నీ అటునుంచి వచ్చి తెలుగైనవే. కొండపల్లి బొమ్మల్లో పేరుమోసిన అంబారీ ఏనుగు మీది ‘అంబారీ’ కూడా అంతే. ఆ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని గొప్పగా చెప్పుకుంటారు. తెల్లపొణికి కర్రకు ప్రాణం పోసే ఆ చేతులంటే మాకూ గౌరవమే. వాళ్ళను ఎవరూ ‘ఎక్కడినుంచి వచ్చారో అక్కడికే పొండి’ అనరు. అనకూడదు కూడా. ఆ మాట మాకోసమే దాచిపెట్టారు.

ఇక జీపు. అది అందరికీ పరాయిదే. రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికాలో పుట్టింది. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి బురదకూ కొండకూ వెనక్కి తగ్గదు. యుద్ధం అయ్యాక మన దేశంలో మిగిలిపోయిన మిలిటరీ బళ్ళు అమ్మకానికొచ్చాయి. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసుల ముందు జీపులు నిలబడ్డాయి. ప్రకాశం బ్యారేజి, నాగార్జునసాగర్ పనుల కాలానికి కంకరరోడ్ల మీద జీపే ప్రభుత్వం. జీపు వచ్చిందంటే ఊరికి సర్కారు వచ్చినట్టు. ఆ సర్కారు కిర్రుమన్నప్పుడల్లా దాని కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్నది మేం.

ఆ జీపు ముందు రేకు మీద ఉన్న పేరు వెనక ఒక కథ ఉంది. మేం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. 1945లో లుధియానాలో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములతో కలిసి మలిక్ గులాం ముహమ్మద్ అనే ఆయన ఒక ఉక్కు వ్యాపార కంపెనీ పెట్టారు. దాని పేరు ‘మహీంద్రా అండ్ మహమ్మద్’. రెండేళ్ళకు దేశం చీలింది. గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి దానికి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో ఇక్కడ కంపెనీ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. ఆ కంపెనీయే విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఇక్కడే తయారుచేసింది. రెండు ‘ఎం’లూ అలాగే ఉన్నాయి. రెండో ‘ఎం’లోంచి మహమ్మద్ మాత్రం దిగిపోయాడు.

కంపెనీ చేసింది తప్పని మేం అనడం లేదు. భాగస్వామి వెళ్ళిపోయాక పేరు మారడం వ్యాపారంలో మామూలే. మేం అనేది వేరే. పేరు మీద ఉన్న మహమ్మద్ వెళ్ళాడు. ఆయన వెళ్ళగలిగినవాడు. ఆయనకు అక్కడ పదవి ఉంది. బండి కింద ఉన్న మహమ్మద్ ఎక్కడికీ వెళ్ళలేదు. బొంబాయిలో, హైదరాబాదులో, బెజవాడలో, కొండపల్లిలో పానా పట్టుకుని అక్కడే ఉన్నాడు. దేశం చీలిక గురించి రాసేవాళ్ళు వెళ్ళినవాళ్ళ పేర్లు లెక్కపెట్టారు. ఉండిపోయినవాళ్ళ చేతులు లెక్కపెట్టలేదు.

1992 డిసెంబరు ఆరు తర్వాత కొద్దిరోజులకు మా షెడ్డుకు ఒక పాత జీపు వచ్చింది. ఏ ఆఫీసుదో చెప్పం. వెనక కమాన్‌కట్టల బుష్షులు ఆరూ పిండైపోయి ఉన్నాయి. మా చాచా కింద పడుకుని షాకిల్ బోల్టు మీద కిరసనాయిలు పోస్తున్నాడు. పైన నిలబడ్డ పెద్దమనిషి ఎవరితోనో అంటున్నాడు: “వీళ్ళకేంటండీ, వీళ్ళకో దేశం ఇచ్చేశాంగా.” చాచా చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ బోల్టు తిరిగింది. సాయంత్రం బండి తోలి చూసుకుని ఆ పెద్దమనిషే “సాయిబూ, నీ చేతిలో మహత్యం ఉందయ్యా” అన్నాడు. ఆయనకు చాచా పేరు తెలియదు. ఇరవై ఏళ్ళుగా బండి తెస్తున్నాడు, అడగలేదు. మెకానిక్ అయితే సాయిబే, సాయిబంటే పేరక్కర్లేదు. ఆయన ఆనుకుని నిలబడ్డ ఆ బానెట్ మీది పేరు కథ ఆ రోజు మాకు తెలిసుంటే ఏం జవాబు చెప్పేవాళ్ళమో అని ఇప్పటికీ అనుకుంటాం.

ఇంతకీ ఆ రోజు చాచా చేసిన పనేమిటో చెప్పాలి. దాన్నీ చరిత్రగానే రాస్తున్నాం. జీపుకు కమాన్‌కట్టలు 4. ఒక్కోదానికి మూడు చోట్ల బుష్షులు: ఛాసిస్‌కు బిగించిన కొసలో ఒకటి, ఊగే కొసలో షాకిల్ కిందా పైనా ఒక్కోటి. మొత్తం 12 చోట్ల. మరీ పాత విల్లీసుల్లో షాకిల్‌కు మరలున్న ఇనప బుష్షులుండేవి. వాటికి గ్రీజు కొట్టకపోతే తినేసేవి. కొన్నిటికి ఎడమ మర ఉండేది. అది తెలియనివాడు బిగించేవైపే తిప్పి విరగ్గొట్టేవాడు. తర్వాత రబ్బరు బుష్షులొచ్చాయి. ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు కూర్చుని దెబ్బను తాను మింగుతుంది.

మార్చేటప్పుడు ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. ఛాసిస్‌ను జాకీ మీద వదలకూడదు, దిమ్మల మీద నిలబెట్టాలి. ఇరుసు కింద వేరే ఆసరా ఇవ్వాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పి బండి కిందే ప్రాణాలు వదిలినవాళ్ళున్నారు. బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి, ముందు రోజు రాత్రే నూనె పోసి నానబెడితే మంచిది. పాత బుష్షు రబ్బరు వచ్చేసినా బయటి ఇనప గొట్టం చుట్టలో అతుక్కుపోతుంది. దాన్ని రంపపు బ్లేడుతో లోపలినుంచి కోయాలి, చుట్టకు గాటు పడకుండా. చుట్టను ఎమెరీ కాగితంతో తుడవాలి. కొత్త బుష్షును సబ్బునీళ్ళతో తడిపి వైసులో పెట్టి నిదానంగా నొక్కాలి. గ్రీజు రాయకూడదు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇనుముకు మేలు చేసింది రబ్బరుకు విషం.

అన్నిటికంటే పెద్ద కిటుకు చివర్లో ఉంది. బండి దిమ్మల మీద ఉండగా బోల్టులు పూర్తిగా బిగించకూడదు. చేతి బిగింపుతో వదిలేసి, బండిని నేల మీదికి దించి, దాని బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు ఆ ఒంపులోనే పట్టుకుపోతుంది. బండి దిగగానే మెలిపడుతుంది, కొద్దినెలల్లో చిరిగిపోతుంది. ఈ మాట చాలామంది పాటించరు. అందుకే బుష్షులు ఊరికే పోతున్నాయని కంపెనీని తిడతారు.

మా ఊళ్ళ పెద్దలకు బుష్షు సంగతి తెలియకపోయినా మమ్మల్ని బుష్షులుగా వాడుకోవడం తెలుసు. గొడవ వచ్చినప్పుడు శాంతి కమిటీలో ముందు వరసలో కూర్చోబెడతారు. ఎన్నికలప్పుడు టోపీ పెట్టించి ఫొటో తీయిస్తారు. అటు దెబ్బా ఇటు దెబ్బా మేం మింగాలి, చప్పుడు చేయకూడదు. చప్పుడు చేసిన రోజు ‘వీడు పాడైపోయాడు’ అంటారు. మేం బుష్షులం కాం. బుష్షులు మార్చేవాళ్ళం.

మాలో మాకున్న లోపాలు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బండి కింద పడుకున్నప్పుడు దూదేకులా షేకూ పఠానూ అందరి ఒంటికీ ఒకటే మసి. నిఖా దగ్గరికి వచ్చేసరికి మసి కడుక్కుని వేరువేరు వరసల్లో నిలబడతాం. దూదేకుల పిల్లనిచ్చే ఇంటికి ‘నమాజొచ్చా, ఉర్దూ వచ్చా’ అని పరీక్ష పెడతాం. మసి బట్టలు సోడాలో ఉడకబెట్టి ఉతికి, అరచేతులు పగిలిన మా అమ్మీలను ఏ ఉస్తాదూ కారీగరు అనలేదు. ‘చేతిపని ఉందిగా’ అని మగపిల్లల్ని బడి మాన్పించి షెడ్డుకు తెచ్చింది కూడా మేమే. ఉస్తాద్ ఇచ్చిన విద్య గొప్పదే. కానీ అది మా పిల్లల్ని బండి కిందే ఉంచింది. బండి బొమ్మ గీసే బల్ల దగ్గరికి చేర్చలేదు.

2006లో సచార్ కమిటీ నివేదిక మా పరిస్థితిని అంకెల్లో పెట్టింది: ముస్లింలలో నెలజీతం ఉద్యోగాలు తక్కువ, సొంత రెక్కల మీద బతికేవాళ్ళు ఎక్కువ. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం తెగలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ జాబితాలో అత్తరు సాయిబులున్నారు, హజాములున్నారు, తురక కాశలున్నారు. ఒక్కో పేరూ ఒక్కో పని. మోటారు కింద వందల మందిమి బతికినా ఆ పని మాకు కులం పేరు కాలేదు. కాకపోవడమే మంచిది. మా పిల్లలు ఆ చట్టం పట్టుకుని పాలిటెక్నిక్‌కు వెళ్ళారు, ఇంజనీరింగుకు వెళ్ళారు. అందరూ కాదు, కొందరు.

ఇప్పుడు వచ్చే బళ్ళలో చాలావాటికి ముందువైపు కమాన్‌కట్టలు లేవు. స్ప్రింగు చుట్టలు, కింద ఆర్ములు. బుష్షు పోతే ఆర్ము మొత్తం మార్చెయ్యమంటారు. కంపెనీ షోరూముల్లో సర్టిఫికెట్ అడుగుతారు. చప్పుడు విని జబ్బు చెప్పే చెవికి అక్కడ జీతం లేదు. అయినా కొండల్లో, క్వారీల్లో, తోటల్లో పాత జీపులు ఇంకా తిరుగుతున్నాయి. వాటికి మేం కావాలి.

మా చాచా ఇప్పుడు పని మానేశాడు. మోకాళ్ళు వంగవు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కుర్రాళ్ళు బోల్టు బిగిస్తుంటే “అరే బేటా, ముందు బండి దించరా” అని కేకేస్తాడు. దేశం విషయంలోనూ మా మాట అదే. ఎనభై ఏళ్ళుగా మమ్మల్ని గాల్లో వేలాడదీసి, ఎవరి పక్షమో చెప్పమని బిగిస్తున్నారు. ముందు దించండి. ఈ నేల మీద మా బరువు మమ్మల్ని మోయనివ్వండి. ఆ తర్వాత ఎంత బిగించినా చిరిగిపోం.