కాందిశీకులు కట్టుకున్న క్లబ్బు: ఏఈకే ఏథెన్స్ నూరేళ్ల చరిత్ర

1922లో ఆసియా మైనర్ యుద్ధంలో గ్రీకు సేనలు ఓడిపోయాయి. మరుసటి ఏడాది కుదిరిన లోజాన్ ఒప్పందం గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడిని నిర్బంధం చేసింది. దాదాపు 12 లక్షల మంది క్రైస్తవులు తరతరాల ఇళ్లు వదిలి గ్రీసు చేరారు. టర్కీలోని కాన్‌స్టాంటినోపుల్ గ్రీకులకు మినహాయింపు దక్కినా, భయంతో వేలాదిమంది ఆ నగరాన్ని విడిచారు. వాళ్లలో కొందరు 1924 ఏప్రిల్ 13న ఏథెన్స్‌లో ‘కాన్‌స్టాంటినోపుల్ క్రీడా సంఘం’ పెట్టారు. దాని గ్రీకు పేరుకు పొట్టి రూపమే ఏఈకే.

వాళ్లకు ఆటలు కొత్త కాదు. కాన్‌స్టాంటినోపుల్‌లోని పేరా, టటావ్లా పేటల్లో గ్రీకుల క్రీడాసంఘాలు ముందునుంచే ఉన్నాయి. ఆ అనుభవాన్నే ఇక్కడ మళ్లీ నాటారు. పాత్రికేయుడు కాన్‌స్టాంటినోస్ స్పనూదిస్ తొలి అధ్యక్షుడయ్యాడు. బైజాంటియం నాటి రెండు తలల గద్ద చిహ్నమైంది. పసుపు, నలుపు జెండా రంగులయ్యాయి. కాందిశీకులు స్థిరపడిన నేయా ఫిలడెల్ఫియాలో 1930 నాటికి సొంత మైదానం అమరింది. 1932లో గ్రీక్ కప్పు, 1939లో తొలి లీగ్ టైటిల్ ఫుట్‌బాల్ జట్టుకు దక్కాయి.

అయితే క్లబ్బును యూరప్‌కు పరిచయం చేసింది బాస్కెట్‌బాల్. 1966లోనే ఆ జట్టు యూరోపియన్ చాంపియన్స్ కప్ చివరి నలుగురిలో నిలిచింది. 1968 ఏప్రిల్ 4న, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి పానథెనాయిక్ స్టేడియంలో కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆడింది. ఆరుబయట జరిగిన ఆ మ్యాచ్‌కు దాదాపు 80 వేల మంది వచ్చారు. ఏఈకే 89–82తో చెకోస్లొవేకియాకు చెందిన స్లావియా ప్రాగ్‌ను ఓడించింది. జట్టు క్రీడల్లో ఒక గ్రీకు క్లబ్బు యూరోపియన్ కప్పు గెలవడం అదే మొదటిసారి. సొంత ఊరు పోగొట్టుకొని వచ్చినవాళ్లు పెట్టిన క్లబ్బు, వచ్చి చేరిన దేశానికి ఆ గౌరవం తెచ్చింది.

ఫుట్‌బాల్‌లో 1970వ దశకం స్వర్ణయుగం. 1977లో యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లి యువెంటస్ చేతిలో ఆగింది. ఆ దశకంలోనే క్లబ్బులో చేరిన థామస్ మావ్రోస్ గ్రీక్ లీగ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడు. ఆటగాడిగా మెరిసిన దుశాన్ బాయెవిచ్ కోచ్‌గా తిరిగొచ్చి 1989లోనూ, 1992 నుంచి 1994 దాకా వరసగా మూడుసార్లూ టైటిల్ అందించాడు. 2000లో బాస్కెట్‌బాల్ జట్టు సపోర్టా కప్పు గెలిచింది.

తర్వాత క్లబ్బును అప్పులు మింగేశాయి. పాత స్టేడియాన్ని 2003లో కూల్చారు. కొత్తది లేవడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 2013లో ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో తొలిసారి అగ్రశ్రేణి నుంచి జారింది. యాజమాన్యం రెండో డివిజన్‌ను కూడా వదులుకుని, మూడో డివిజన్ నుంచి మొదలుపెట్టింది. బాస్కెట్‌బాల్ జట్టు కూడా ఆ రోజుల్లోనే కింది డివిజన్లు చూసింది.

మళ్లీ లేవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2015లో ఫుట్‌బాల్ జట్టు పైకొచ్చింది. 2018లో 24 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచింది. అదే ఏడాది బాస్కెట్‌బాల్ జట్టు ఏథెన్స్‌లోనే మొనాకోను 100–94తో ఓడించి చాంపియన్స్ లీగ్ అందుకుంది. 2021లో హ్యాండ్‌బాల్ జట్టు కూడా యూరోపియన్ కప్పు తెచ్చింది. 2022లో నేయా ఫిలడెల్ఫియా పాత స్థలంలోనే కొత్త స్టేడియం తెరుచుకుంది. కాన్‌స్టాంటినోపుల్‌లోని ప్రఖ్యాత కట్టడం హగియా సోఫియా పేరే దానికి పెట్టారు. 2023లో ఫుట్‌బాల్ జట్టు లీగ్, కప్పు రెండూ గెలిచి లీగ్ టైటిళ్ల లెక్కను 13కు చేర్చింది.

గ్రీసులో ఇంతకన్నా ఎక్కువ టైటిళ్లున్న క్లబ్బులు ఉన్నాయి. ఏఈకే గొప్పతనం ఆ లెక్కలో లేదు. సర్వం కోల్పోయినవాళ్లు ఏమీ లేని చోట పునాది వేశారు. మూడో డివిజన్‌కు దిగిన రోజున వాళ్ల వారసులూ అదే పని చేశారు. ఈ క్లబ్బు సాధించిన అన్నిటికన్నా పెద్ద విజయం అదే.